చెప్పని ఫీజు

అంగట్లో పశువుల బేరం తువ్వాల కింద జరుగుతుంది. అమ్మేవాని చెయ్యి, దళారి చెయ్యి తువ్వాల కింద కలుస్తాయి. ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు వేళ్ళు పట్టుకుంటే ఇంకో ధర. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ముఖాలు కనబడతాయి గాని వేళ్ళు కనబడవు. పక్కవాడి ఎద్దు ఎంతకు పోయిందో తెలియకుండానే ప్రతివాడూ తన ఎద్దును అమ్ముకుని ఇంటికి పోతాడు. నేను పెళ్ళయి దేవరకొండ తోవలో ఉన్న మా అత్తవారి ఊరికి వచ్చిన కొత్తలో ఇది చూసి నవ్వుకునేదాన్ని. మా ఊరి పశువుల డాక్టరు దగ్గరికి పోవలసి వచ్చాక ఆ నవ్వు పోయింది. అక్కడ తువ్వాల కూడా లేదు.

అవి మండలాలు కొత్తగా ఏర్పడిన రోజులు. మా ఊరికి పశువుల దవాఖాన ఉండేది. రేకుల కప్పు, ఎద్దులను నిలబెట్టి కట్టే కట్టెల బోను, తాళం వేసిన ఒక బీరువా. మందులు బయట కొనుక్కోవాలి. డాక్టరుగారు పొద్దున, సాయంత్రం తన ఇంటి అరుగు మీద చూసేవారు. ఆయన చెయ్యి మంచిదన్న పేరు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. ఆ పేరులో అబద్ధమేమీ లేదు. ఆయన ఫీజు మాత్రం ఎవరికీ ముందుగా తెలియదు. పని అయిన తరువాత నల్లా కింద చేతులు కడుక్కుంటారు. ఒక్కొక్క వేలూ తుడుచుకుంటారు. అప్పుడు తలెత్తి మనల్ని చూస్తారు. తల నుంచి మెడకు, మెడ నుంచి చీరకు, చీర నుంచి కాళ్ళకు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఫీజు తయారవుతుంది.

అందుకని జనం ఆయన దగ్గరికి పాతబట్టలతో పోయేవారు. మెడలో ఉన్నది తీసి పెట్టెలో పెట్టి, చెప్పులు ఇంట్లో విడిచి పోయేవారు. జంతువు చస్తుందేమోనన్న భయం ఒకటి. ఆ చూపు మన మీద ఎక్కడ ఆగుతుందోనన్న భయం ఇంకొకటి. ముందుగా అడగటానికి లేదు. అడిగితే జంతువు కన్నా పైసలే ముఖ్యమనుకునే మనిషివని ఆయన అందరిముందూ అంటారు. ఆ మాట పడటం కన్నా అడగకుండా ఉండటమే నయమని అందరూ అడగకుండా ఉండేవారు.

మా ఇంట్లో కుక్క మా అత్తమ్మది. ఆమె మా చర్చి సంఘంలో పెద్దది. వాక్యం చదవడం కోసమే, పెళ్ళయిన తరువాత అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఒక కోత పండుగనాడు, అర్పణగా వచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ మందిరం మెట్ల దగ్గర వేలం వేస్తుంటే, ఆ మెట్ల కింద నుంచి ఒక తెల్లని కుక్కపిల్ల బయటికి వచ్చిందట. ఒక చెవి మాత్రం ఎర్రమన్ను రంగు. దాన్ని ఎవరూ పాడలేదు గనుక తనకే వచ్చిందని అత్తమ్మ చెప్పేది. ఆదివారం ఆమె వెనకే మందిరానికి వచ్చి, ఆరాధన అయ్యేదాకా బయట చెప్పుల మధ్య పడుకునేది. నేను ఆదివార బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. లేఖనాల్లో కుక్కకు మంచి పేరు లేదని ఒకసారి తెలివిగా అన్నాను.

"బల్ల కింద పడ్డ తునకలు తిని బతికినయ్ గద బిడ్డా," అంది అత్తమ్మ. "మనం గూడ గట్లనే బతికినోళ్ళమే."

మా చిన్నదానికి అప్పుడే నడక వచ్చింది. ఆ కుక్క చెవి పట్టుకునే లేచి నిలబడటం నేర్చుకుంది. మా ఆయన పక్క ఊరి బడిలో టీచరు. సైకిలు బెల్లు వినబడితే ముందు ఎదురుపోయేది కుక్క, దాని వెనక పిల్ల.

మొదటిసారి డాక్టరు దగ్గరికి పోయింది ఆ కుక్క ఈనలేక అవస్థ పడ్డప్పుడు. ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చేసరికి అది గడపలో పడి ఉంది. మూలగటం కూడా మానేసింది. పిల్ల అడ్డం తిరిగిందని అత్తమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి చూసి చెప్పింది. బట్టలు మార్చుకోవాలన్న తెలివి మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. మందిరానికి కట్టుకున్న తెల్లచీరలతోనే, కాళ్ళకు చెప్పులతోనే, కుక్కను గోనెసంచిలో పడుకోబెట్టుకుని పరుగెత్తాం. మా సంఘంవాళ్ళు చేయగలిగిన తప్పు అది. ఆదివారం మేము ఉన్నదానికన్నా బాగా కనబడతాం.

డాక్టరుగారు చాలాసేపు కష్టపడ్డారు. రెండు పిల్లలు చచ్చి పుట్టాయి. తల్లి బతికింది. ఆయన చేతులు కడుక్కుని తలెత్తి చూశారు. ఆ చూపు మా చీరల మీద ఆగింది.

"ఎనభై," అన్నారు.

అత్తమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చింది. తోవ పొడుగునా స్తోత్రాలు చెప్పుకుంటూ నడిచింది.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు సాక్ష్యాలు అడుగుతారు. ఆ వారం దేవుడు చేసిన మేలు ఉన్నవాళ్ళు లేచి చెప్తారు. మేలును పూర్తిగా చెప్పాలని, సగం దాచుకుంటే దొంగతనమని మా పెద్దలు నేర్పారు. అందుకని ఎంత జ్వరం వచ్చింది, ఎవరు ఆదుకున్నారు, ఎంత ఖర్చయింది, ఆ పైసలు ఎట్లా దొరికాయి, అన్నీ చెప్పేస్తారు. తరువాతి ఆదివారం అత్తమ్మ లేచింది. కుక్క సంగతంతా చెప్పి, "డాక్టర్ సారుకియ్యనీకె ఎనభై రూపాయలు గూడ దేవుడే నా కొంగుల ఉంచిండు," అని ముగించింది. ఆమె మాటలో ఫిర్యాదు లేదు. నిజంగా కృతజ్ఞతే.

వెనక వరసలో గొర్రెలు కాచే ఒకాయన ఉండేవాడు. ఆయన కూర్చున్నచోటి నుంచే అన్నాడు. "ఎనభయ్యా? మొన్న నా గొర్రెకు గట్లనే పిల్ల అడ్డం దిరిగితె నలభయ్యే దీస్కున్నడు గదవ్వా!"

"మాకు మేకకు నూటయాభై," అంది ఆడవాళ్ళలో ఒకామె. ఆమె మెడలో గొలుసు ఉంది. అనగానే చెయ్యి దాని మీదికి పోయింది.

తరువాత గొర్రెల కాపరి నెమ్మదిగా, "అవ్వా, కుక్కకు నలభయ్యే. కడమ నలభై నీ తెల్లచీరకు," అన్నాడు.

నవ్వులు మొదలయ్యాయి. పిల్లలు కూడా నవ్వారు. అయ్యగారు గబగబా ఒక పాట ఎత్తుకున్నారు గాని, ఆ పాట మొదటి చరణం దాటేలోపే ఆడవాళ్ళ వరసలో ఎవరు ఎంత ఇచ్చారన్నది ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి పోతూనే ఉంది. అన్ని ఏళ్ళుగా తువ్వాల కింద ఉన్నది బయటపడింది. అత్తమ్మ నవ్వలేదు. చీర వైపు చూసుకుంటూ కూర్చుంది. నాకు మాత్రం డాక్టరుగారే గుర్తొచ్చారు. అటువంటి మాట మందిరం గోడల మధ్య ఉండదు. సోమవారానికి బజారంతా తెలుస్తుంది, మంగళవారానికి ఆయన చెవిన పడుతుంది.

అట్లాగే పడింది. మా ఆయన సైకిలు మీద వస్తుంటే డాక్టరుగారు స్కూటరు ఆపారట.

"ఏం సారూ, మీ అమ్మ చర్చిల నా ఫీజు చదివిందంట గద," అన్నారట. అని గట్టిగా నవ్వి, "ఏం ఫికర్ లేదు. మల్ల రాకపోతరా," అన్నారట.

మా ఆయన దాన్ని తేలికగానే చెప్పాడు. నాకు మాత్రం ఆ నవ్వు వినకపోయినా వినబడింది. ఆయన కోపం చేసుకుని ఉంటే పోయి కాళ్ళు పట్టుకునేవాళ్ళం. నవ్వినవాని దగ్గరికి ఏమని పోతాం? అప్పటినుంచి కుక్క ఒక పూట తిండి మానితే గిన్నె దాని మూతి దగ్గరికి జరిపేదాన్ని. అది దగ్గితే నేను నిలబడి వినేదాన్ని. ఊళ్ళో చెయ్యి తిరిగిన డాక్టరు ఒక్కడే. ఆయన వాకిలి మాకు తెరుచుకుంటుందో లేదో తెలియదు.

కొంత కాలానికి బస్సులు ఆగే చోట ఒక గదిని కిరాయికి తీసుకుని ఒక పెద్దాయన దిగాడు. సాయిబు. ఎక్కడెక్కడో పశువుల దవాఖానల్లో కంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాడు. మా మందిరంలో జరిగిన సంగతి ఆయనదాకా పోయిందో, లేక ఆయన పద్ధతే అదో నాకు తెలియదు. గది తలుపుకు ఒక పలక తగిలించాడు. దాని మీద సుద్దతో ధరలు రాశాడు. పురుగుల మందు తాగించటానికి ఇంత, పుండు కడిగి కట్టటానికి ఇంత, ఈనకపోతే ఇంత. కుక్కకైనా గొర్రెకైనా, చీర ఏదైనా, అదే ధర.

జనం సంతోషిస్తారనుకున్నాను. మొదట భయపడ్డారు. పలక ముందు నిలబడి చదువుకుని, చదువు రానివాళ్ళు చదివించుకుని, మళ్ళీ వెనక్కి తిరిగిపోయేవారు.

"గింత తక్కువనా? మందుల నీళ్ళు గలుపుతడేమో," అని ఒకరు.

"దాసిపెట్టేటిది ఉంటేనే గద సరుకు మంచిది. గీయన అన్నీ తలుపుకే కొట్టిండు," అని ఇంకొకరు.

నేను నవ్వలేకపోయాను. నాలో కూడా అదే ఉంది. డాక్టరు ఒక్కడే ఉన్నప్పుడు ప్రార్థన చేసి పోవటమే. ఇద్దరయ్యాక ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే జంతువు ప్రాణం మన మీద పడుతుంది. పిల్లలకు తప్పు త్రాసును దేవుడు అసహ్యించుకుంటాడని చెప్పిన నేనే, సరైన త్రాసు తలుపుకు వేలాడితే దాని కింద నిలబడటానికి జంకాను. ముందుగా పోయినవాళ్ళు గొర్రెల కాపరులు. వాళ్ళ గొర్రెలు బతికాయి. నెమ్మదిగా డాక్టరుగారి అరుగు మీద జనం పలచబడ్డారు. అటుగా పోతే ఆయన ఒక్కడే కుర్చీలో కూర్చుని తోవ వైపు చూస్తుండటం కనబడేది. నేను కొంగు తల మీదికి లాక్కుని గోడ పక్కనుంచి నడిచేదాన్ని.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం తరువాత వీధి చివర అరుపులు వినబడ్డాయి. నేను పిల్లను లోపలికి లాగి తలుపు వేసేలోపే, నోటినుంచి చొంగ కారుతూ ఒక నల్లకుక్క మా వాకిట్లోకి దూసుకొచ్చింది. దాని వెనక కట్టెలతో మనుషులు. మా కుక్క గడప ముందు కట్టేసి ఉంది. పారిపోయేంత పొడుగు తాడు కాదు. పారిపోవాలని కూడా చూడలేదు. తలుపుకు అడ్డం నిలబడింది. నల్లకుక్క దాని భుజం పట్టుకుని విదిలించి పోయింది. దాన్ని వీధి మలుపులో కొట్టి చంపారు.

చంపినవాళ్ళు వెనక్కి వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. కట్టెలకు ఇంకా రక్తం ఉంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అందరి ఇళ్ళల్లో పిల్లలు ఉన్నారు.

"అత్తా, జర పక్కకు జరుగు," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. మా ఎదురింటాయనే. "దీన్ని గూడ కొట్టాలె. నీకు మనమరాలు ఉన్నది గద."

అత్తమ్మ కుక్కకూ కట్టెకూ మధ్య కూర్చుంది. "సూదులిప్పిస్త," అంది.

"ఎవరిస్తరు? డాక్టరు సంగతి నువ్వే చర్చిల తీసినవ్, మల్ల నువ్వే పోతవా?"

"పోత."

ఆయన కట్టెను కిందికి దించాడు. "సరె. సూదులు మొదలైతె ఊకుంటం. ఒక్కటి తప్పినా మేమే జూస్కుంటం. మమ్ముల ఏమనొద్దు."

అప్పటినుంచి ఆ కుక్క ప్రాణం ఇంజక్షన్ల మీద నిలబడింది. నా పిల్ల ప్రాణం కూడా వాటి మీదే నిలబడిందని నాకు తెలుసు. కట్టె పట్టుకున్న మనిషి న్యాయమే మాట్లాడాడన్నదే నన్ను ఎక్కువ వణికించింది. లోపల ఒక గొంతు కొట్టేయమనే అంటోంది. దాన్ని నేను అత్తమ్మకు వినిపించలేదు.

ముందు కంపౌండరు సాయిబు దగ్గరికి పోయాం. ఆయన సబ్బు పెట్టి, నీళ్ళు పోసి పోసి గాయం కడిగాడు. ఈలోగా నేను పలక అంతా చదివాను. పిచ్చికుక్క కరిస్తే ఇచ్చే ఇంజక్షను దాని మీద లేదు.

"నా తాన లేదమ్మా," అన్నాడాయన. "గది పట్నం నుంచి ఐసుల పెట్టి తేవాలె, ఐసులనే ఉంచాలె. డాక్టర్ సాబ్ తాననే ఉంటది. నేను ఇంకేదో ఒకటి పొడిచి పైసలు దీస్కోవచ్చు. మీకు తెల్వది, కుక్కకు తెల్వది. కని రేపు అల్లాకు జవాబియ్యాలె గద." కడిగినదానికి పలక మీద ఉన్నదే తీసుకున్నాడు. "ఇప్పుడే పోన్రి. ఆలస్యం జేయకున్రి."

ఇంటికి వచ్చి నేను పాత చీర తీశాను. అత్తమ్మ పెట్టెలోంచి తెల్లచీర తీసింది.

"అత్తమ్మా, గదొద్దు," అన్నాను.

"ఎట్లున్నదాన్నో గట్లనే జూడనీ," అంది. "దాసుకునేటిది ఇంకేమున్నది బిడ్డా?"

డాక్టరుగారి అరుగు ఖాళీగా ఉంది. ఆయన మమ్మల్ని చూసి లేవలేదు. కుక్కను చూశారు, కట్టు చూశారు, ఎవరు కట్టారో కట్టు చూసే తెలుసుకున్నారు.

"పలక మీద రాసి లేదా అవ్వా?" అన్నారు.

"లేదు సారూ."

"మరి ఏం జేద్దాం?"

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగారు. నేను పిల్లను చంకలో గట్టిగా పట్టుకున్నాను. అత్తమ్మ అరుగు మెట్టు మీద కూర్చుని, "ముందుగాల ఎంతైతదో చెప్పు సారూ, ఎంతైనా ఇస్త," అంది. ఆ అరుగు మీద ఆ ప్రశ్న అడగకూడదు. అయినా ఆమె ఇంకోసారి అడిగింది.

ఆయన లేచి లోపలికి పోయారు. లోపలినుంచి గొళ్ళెం చప్పుడు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఫ్లాస్కుతో తిరిగి వచ్చారు. మూత తీస్తే చల్లని ఆవిరి లేచింది. మా కళ్ళ ముందే మందు సూదిలోకి ఎక్కించి కుక్కకు ఇంజక్షన్ ఇచ్చారు. ఇట్లాంటివి విడతలు విడతలుగా ఇవ్వాలని, మధ్యలో ఒక్కటి తప్పినా లాభం లేదని చెప్పారు.

"ఎంత సారూ?"

"ఏం లేదు, పోన్రి."

రెండోసారి అదే. మూడోసారి అదే. ప్రతిసారీ అత్తమ్మ అడుగుతుంది, ఆయన చేతులు తుడుచుకుంటూ "ఏం లేదు" అంటారు. తల నుంచి కాళ్ళదాకా చూసే ఆ చూపు కూడా మానేశారు. ఆ చూపే నయమనిపించింది నాకు. మేము చిన్నప్పటినుంచి మందిరంలో విన్న అన్నిటిలోకీ తీపి మాట ఉచితం. రక్షణ ఉచితం, కృప ఉచితం. ఆ మాట పాటల్లో వస్తే కళ్ళు మూసుకుంటాం. అదే మాట ఆ అరుగు మీద వింటే భయమేసేది. ఎంత ఇవ్వాలో తెలిస్తే కూడబెడతాం, అప్పు తెస్తాం, బతిమాలుతాం. ఏమీ లేదంటే దేనికి సిద్ధపడాలి?

చివరి ఇంజక్షన్‌కు ముందుదాన్ని ఒక శనివారం ఇచ్చారు. ఇచ్చి, మొదటిసారిగా మాతో పాటు మెట్టు దిగి వచ్చారు.

"రేపు ఆదివారం గద అవ్వా," అన్నారు. "సాక్ష్యం ఉంటది గద?"

"ఉంటది సారూ."

"ఆరోజు ఎనభై అని చెప్పినవ్. రేపు ఉట్టిగనే చేసిండని చెప్పు. నేను అబద్ధం చెప్పమంటలేను. ఉన్నదే చెప్పు." కుక్క తల నిమిరారు. "సోమవారం తీస్కరాండ్రి. ఆఖరి సూది."

తోవలో బస్సుల దగ్గర సాయిబు గది తలుపు తెరిచి ఉంది. ఆయన పలక తుడిచి మళ్ళీ రాస్తున్నాడు. అత్తమ్మ అక్కడ ఆగిపోయింది. డాక్టరు ఉచితంగా చేస్తున్నాడన్న మాట మందిరంలో వినబడితే, సాయంత్రానికి అందరూ అటే మళ్ళుతారు. ఈయన ఎన్నాళ్ళు కిరాయి కడతాడు? ఈ తలుపు మూతపడితే ఆ అరుగు మీది చూపు మళ్ళీ మొదలవుతుంది. డాక్టరు చెప్పమన్నది అబద్ధం కాదు. కాకపోవటమే దానిలోని ఉరి.

"రేపు లేవకు అత్తమ్మా," అన్నాను ఇంటికి వచ్చాక. "జ్వరమని ఇంట్లనే ఉండు. సోమవారం అయిపోనీ. తరువాత ఏమన్నా చెప్పుకుందాం."

"ఉట్టి జ్వరమా?" అంది నా ముఖంలోకి చూసి.

మా ఆయన కూడా బతిమాలాడు. "అమ్మా, ఒక్క సూదే ఉన్నది. తప్పితే వాకిట్లకు కట్టెలొస్తయ్."

ఆమె కుక్క పక్కన కూర్చుని దాని ఎర్రచెవిలోంచి పల్లేరుకాయలు ఏరింది.

ఆదివారం అయ్యగారు సాక్ష్యాలు అడగబోయే సమయానికి బయట స్కూటరు వచ్చి ఆగింది. ఇంజను ఆగిన చప్పుడు మందిరంలో అందరికీ వినబడింది. ప్రహరీ పైనుంచి డాక్టరుగారి తల కనబడుతోంది. బయట తాడుతో కట్టేసిన కుక్క చెప్పుల మధ్యనుంచి లేచి తోక ఊపింది. ఆయన అంటే దానికి భయం లేదు. నేను అత్తమ్మ కొంగు పట్టుకున్నాను. ఆమె దాన్ని నా వేళ్ళలోంచి మెల్లగా విడిపించుకుని లేచింది.

"దేవునికి స్తోత్రం," అంది. "మా కుక్కను పిచ్చికుక్క కరిసింది, మీకు ఎరుకే. డాక్టర్ సారు సూదులిచ్చిండు. ఆయన చెయ్యి మంచిది, గది దాస్త లేను. పైస దీస్కోలేదు, గది గూడ నిజమే. కని నేను ప్రతిసారి ఎంత అని అడిగిన. ఆయన చెప్తలేడు. ఉట్టిగ వచ్చేటిది దేవుని రక్షణ ఒక్కటే అని నాకు నేర్పిన్రు. సూదికి ధర ఉంటది. గా ధర ఇయ్యాల నేను కట్టకపోతె, రేపు మీల ఎవలో ఒకలు కడ్తరు. గందుకె చెప్తున్న. ఎవ్వల తానకన్న పోన్రి. సారు తానకే పోన్రి, సాయిబు తానకే పోన్రి. ముందుగాల అడుగున్రి. చెప్పినంకనే జంతువును కిందికి దించున్రి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అయ్యగారు పాట ఎత్తుకోలేదు. బయట స్కూటరు కిక్కు ఒకటి కొట్టి ఆగింది, మళ్ళీ కొడితే అందుకుంది. ఆ చప్పుడు వీధి దాటి పోయేదాకా అందరూ తలలు వంచుకునే ఉన్నారు. ప్రార్థన అని చూసేవాళ్ళు అనుకుంటారు. నాదైతే ప్రార్థన కాదు.

సోమవారం పొద్దున ఎదురింటాయన తన గుమ్మంలో నిలబడి మేము కుక్కతో బయలుదేరటం చూశాడు. కట్టె గోడకు ఆనించి ఉంది. డాక్టరుగారి తలుపు మూసి ఉంటే తిరిగి ఈ వీధిలోకే రావాలి. మలుపు తిరిగేదాకా నేను తల ఎత్తలేదు.

తలుపు తెరిచే ఉంది. అరుగు మీద ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళలో గొర్రెల కాపరి భుజాల మీద కుంటుతున్న గొర్రెపిల్లను వేసుకుని నిలబడ్డాడు. డాక్టరుగారు కుక్కను పట్టుకొమ్మని చేత్తో సైగ చేశారు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, అటు తిరిగి మందు ఎక్కించారు. అన్నిసార్లూ మా ముందే ఎక్కించిన మనిషి ఆరోజు వీపు మా వైపు పెట్టారు. వెలుతురు కోసం తిరిగారేమో. ఆ వీపు వెనక ఏమి జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు. ఇటు తిరిగి ఇంజక్షన్ ఇచ్చారు.

నల్లా కింద చేతులు కడుక్కున్నారు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. అప్పుడు అరుగు మీద అందరికీ వినబడేట్టుగా అన్ని ఇంజక్షన్లకూ కలిపి ఎంతో చెప్పారు. చిన్న మొత్తం కాదు. మా ఆయన జీతంలో సగం పోతుంది. నేను మాత్రం ఎన్నాళ్ళుగానో పట్టుకున్న ఊపిరి వదిలాను. ఎంత పెద్దదైనా చెప్పిన అంకెకు ఒక అంచు ఉంటుంది. అత్తమ్మ కొంగు ముడి విప్పి ఉన్నంత ఇచ్చి, మిగిలింది జీతం రాగానే తెస్తామంది. ఆయన తల ఊపారు.

మేము మెట్టు దిగుతుంటే వెనక కాపరి గొంతు వినబడింది. గొర్రెపిల్లను ఇంకా భుజాల మీదినుంచి దించలేదు.

"సారూ, దీని కాలుకు ఎంతైతది?"

డాక్టరుగారు ఆయన్ను తల నుంచి కాళ్ళదాకా చూశారు. తరువాత ధర చెప్పారు. కాపరి గొర్రెపిల్లను కిందికి దించాడు.

ఎదురింటాయన కట్టెను పందిరిలో దోపేశాడు. అయినా వానలు పడేదాకా కుక్కను కట్టేసే ఉంచాం. పిల్లను దాని దగ్గరికి పోనివ్వలేదు. అది దూరంనుంచి చేతులు చాపి ఏడ్చేది. పిచ్చి ఎక్కిన కుక్క నీళ్ళు ముట్టదని అందరికీ తెలుసు. అందుకని ప్రతి పొద్దునా అత్తమ్మ ఒక సత్తుగిన్నెలో నీళ్ళు పోసి, కట్టెతో దాని ముందుకు నెట్టేది. నేను పిల్లను ఎత్తుకుని గడపలో నిలబడేదాన్ని. ధర మాకు తెలిసింది. ఆ ఆఖరి సూదిలో ఉన్నది మందో నీళ్ళో దేవునికే తెలుసు. కుక్క లేచి ఒళ్ళు విరుచుకుని గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసేది. అత్తమ్మ పెదవులు కదిలేవి. నాలుక నీళ్ళకు తగిలిన చప్పుడు వినబడ్డాకే మేమిద్దరం ఆ రోజు పనికి కదిలేవాళ్ళం.